యంత్రం కట్టారు, సరే... సెట్టింగుల సంగతి?

హైదరాబాదు బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పనిచేసేవాళ్లకు సీఎన్‌సీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అంకెల్లో ఇచ్చిన ఆజ్ఞల ప్రకారం టూలును నడిపించి లోహాన్ని కోసే యంత్రం. ఆ షెడ్లలో ఉండేవి టన్నుల బరువు, లక్షల ఖరీదు. వాటికి కంట్రోలర్ కంపెనీ నుంచే సిద్ధమై వస్తుంది. లోపలి పారామీటర్లు మార్చాలంటే సర్వీసు ఇంజనీరు రావాల్సిందే. నేను మాట్లాడబోయేది వాటి గురించి కాదు. అల్యూమినియం ప్రొఫైళ్లు, లీనియర్ రైళ్లు, బాల్‌స్క్రూలు, మూడు నాలుగు స్టెప్పర్ మోటార్లు కొనుక్కొచ్చి, వరండాలోనో డాబా మీద రేకుల గదిలోనో సొంతంగా బిగించుకునే చిన్న మిల్లింగ్ యంత్రాల గురించి.

ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, నేమ్‌ప్లేట్లు చెక్కేవాళ్లు, రిటైరైన ఫిట్టర్లు ఈ పనికి పూనుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి యంత్రం కట్టడం కష్టం కాదు. ఫ్రేము నిలబడుతుంది, బెడ్డు చేత్తో తోస్తే సాఫీగా జారుతుంది. వైర్లు కలిపి, కరెంటు ఇచ్చి, కంప్యూటరు ముందు కూర్చున్నాక ఆగిపోతారు. తెర మీద వరసగా అంకెలు. ఏది ఏమిటో తెలియదు. అప్పుడు చాలామంది చేసే పని, అలాంటి యంత్రమే ఉన్న ఇంకొకరి సెట్టింగులు తెచ్చి దింపుకోవడం. ఆ పని చేయవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఈ సెట్టింగులు ఉండే సాఫ్ట్‌వేర్ ఎక్కడిదో రెండు ముక్కలు. ఉచితంగా దొరికి, లోపలి కోడు కూడా తెరిచి ఉంచిన కంట్రోలర్లలో రెండు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి లైనక్స్ సీఎన్‌సీ. అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990లలో తన పరిశోధన కోసం రాసుకున్న ప్రోగ్రాము దీనికి మూలం. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో రాసినదానికి కాపీరైటు ఉండదు గనుక అభిరుచిపరులు దాన్ని తీసుకుని పెంచారు. మొదట దాని పేరు ఈఎంసీ. అదే పేరున్న ఒక పెద్ద కంపెనీ నుంచి ఇబ్బంది రావడంతో 2011లో ఇప్పటి పేరు పెట్టుకున్నారు. రెండోది జీఆర్‌బీఎల్. 2009లో నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ మొదలుపెట్టాడు, తర్వాత సన్నీ జియాన్ దాన్ని ముందుకు నడిపాడు. ఇది నడిచేది ఆర్డునో ఊనో అనే చిన్న బోర్డు మీద. దాంట్లో ప్రోగ్రాముకు ఉన్న చోటు 32 కిలోబైట్లు, పని చేసుకోవడానికి మెమరీ 2 కిలోబైట్లు. మీ ఫోనులో ఒక ఫొటో కూడా అందులో పట్టదు. ఆ ఇరుకులోనే మూడు మోటార్లనూ ఒకేసారి నడుపుతూ, రాబోయే 16 కదలికలను ముందే చూసుకుని, మలుపు దగ్గర ఎంత వేగం తగ్గించాలో లెక్క వేసుకుంటుంది. కంట్రోలర్లు రాయడంలో ఇంతటి పొదుపు నాకు మరోచోట కనబడలేదు.

ఇంత తెలివున్న ఈ సాఫ్ట్‌వేర్‌కు కళ్లు లేవు. స్టెప్పర్ మోటారుకు ఒక పల్సు పంపితే ఒక అడుగు తిరుగుతుంది. తిరిగిందా లేదా అని వెనక్కి కబురు రాదు. స్క్రూ ఎంత పొడవో, బెడ్డు ఎటు కదిలిందో, చివర గోడ ఉందో లేదో దానికి తెలియదు. మీరు రాసిందే దానికి వేదం. సెట్టింగు అంటే మీ యంత్రం గురించి మీరిచ్చే వాంగ్మూలం. పక్కింటి యంత్రం వాంగ్మూలం మీ యంత్రానికి చెల్లదు.

జీఆర్‌బీఎల్‌లో రెండు డాలర్ గుర్తులు కొట్టి ఎంటర్ నొక్కితే సెట్టింగులన్నీ వరసగా వస్తాయి. ఒక్కొక్కదానికి ఒక నెంబరు. వాటిలో ముందు పట్టుకోవాల్సింది డాలర్ 100, 101, 102. బెడ్డు ఒక మిల్లీమీటరు కదలాలంటే మోటారుకు ఎన్ని పల్సులు పంపాలి అన్నది. ఎక్స్‌కు ఒకటి, వైకి ఒకటి, జెడ్‌కు ఒకటి. మీరేమీ ముట్టుకోకపోతే అక్కడ 250 ఉంటుంది. ఆ 250 మీ యంత్రానికి సరిపోవడం లాటరీ తగలడం లాంటిదే.

దీన్ని లెక్క కట్టాలి. మామూలు స్టెప్పర్ మోటారు అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది, అంటే చుట్టుకు 200 అడుగులు. మోటారును నడిపే డ్రైవరు పక్కన చిన్న చిన్న స్విచ్చులుంటాయి. వాటితో ఒక్కో అడుగును ఎనిమిది ముక్కలు చేశారనుకుందాం. చుట్టుకు 1,600 పల్సులు. మీ బాల్‌స్క్రూ ఒక చుట్టుకు నట్టును 5 మిల్లీమీటర్లు జరిపేదైతే, 1,600ను 5తో భాగించండి. 320. డాలర్ 100 దగ్గర 320 రాయాలి. లైనక్స్ సీఎన్‌సీలో ఇదే అంకె స్కేల్ అనే వరసలో పడుతుంది.

ఇంతే అయితే ఎవరూ తప్పు చేయరు. చవగ్గా దొరికే 8 మిల్లీమీటర్ల లీడ్‌స్క్రూ ఒకటుంది. 3డీ ప్రింటర్లలో వాడేది. దాని మీద ఒక మర నుంచి పక్క మరకు వెర్నియర్ పెట్టి కొలిస్తే 2 మిల్లీమీటర్లు వస్తుంది. సరే అని 1,600ను 2తో భాగించి 800 రాస్తారు. 10 మిల్లీమీటర్లు జరగమంటే బెడ్డు 40 జరిగి గుద్దుకుంటుంది. ఎందుకంటే ఆ స్క్రూ మీద ఉన్నది ఒక మర కాదు, పక్కపక్కనే చుట్టుకుంటూ పోయే నాలుగు మరలు. చుట్టుకు అది 8 మిల్లీమీటర్లు జరుపుతుంది. రాయాల్సింది 200. స్క్రూను కంటితో చూసి నమ్మకండి. నట్టు మీద గుర్తు పెట్టి, స్క్రూను చేత్తో సరిగ్గా ఒక చుట్టు తిప్పి, నట్టు ఎంత జరిగిందో కొలవండి.

అడుగును ఎన్ని ముక్కలు చేస్తే అంత ఖచ్చితం అనుకునేవాళ్లు మరికొందరు. స్విచ్చును 32 మీద పెడతారు. ముక్కలు పెరిగితే కదలిక మెత్తబడుతుంది, రొద తగ్గుతుంది, నిజమే. ఖచ్చితత్వం మాత్రం అదే నిష్పత్తిలో పెరగదు. పైగా ఆర్డునో మీద జీఆర్‌బీఎల్ పంపగలిగేది సెకనుకు దాదాపు 30,000 పల్సులు. మిల్లీమీటరుకు 320 అయితే నిమిషానికి 5,600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే వీలుంది. 32 ముక్కలు చేస్తే మిల్లీమీటరుకు 1,280 పల్సులు, వేగం 1,400 దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిదో పదహారో పెట్టుకుని ఊరుకోవడం మేలు.

ఇక కొలత సరిచూడటం. 100 మిల్లీమీటర్లు జరగమని చెప్పి, డయల్ గేజీ పెట్టి చూస్తే 99.8 వచ్చిందనుకోండి. వెంటనే డాలర్ 100 తీసి 320.6 చేసేస్తారు. దీంతో నేను ఏకీభవించను. స్క్రూ చుట్టుకు 5 మిల్లీమీటర్లు నడిచేలా ఫ్యాక్టరీలో కోసింది. ఆ లెక్క తప్పయ్యే అవకాశం కన్నా మీ కొలత తప్పయ్యే అవకాశం, నట్టులో ప్లే ఉండే అవకాశం ఎక్కువ. తేల్చుకోవడానికి మార్గముంది. 10 జరపండి, 50 జరపండి, 100 జరపండి. ప్రతిసారీ వ్యతిరేక దిశ నుంచి తిరిగొచ్చి మొదలుపెట్టండి. మూడుసార్లూ అదే 0.2 తక్కువ వస్తోందా? అది ప్లే. దిశ మారినప్పుడు మోటారు తిరుగుతోంది గానీ స్క్రూ మర నట్టుకు ఆనేదాకా బెడ్డు కదలడం లేదు. 50కి 0.1, 100కి 0.2 చొప్పున పెరుగుతూ పోతోందా? అప్పుడు లెక్కలో తేడా. ప్లే ఉన్న యంత్రంలో పల్సుల అంకె దిద్దితే 100 దగ్గర కొలత కుదురుతుంది, 10 దగ్గర చెడుతుంది. ఒక గుండ్రటి రంధ్రం కోసి చూడండి. పైన, కింద, అటు, ఇటు నాలుగు చోట్ల చిన్న మెట్టు కనబడిందంటే అది ప్లే పనే. లైనక్స్ సీఎన్‌సీలో దీన్ని సర్దుకోవడానికి బ్యాక్‌లాష్ అనే వరస ఉంది. జీఆర్‌బీఎల్‌లో లేదు. నన్నడిగితే రెండింట్లోనూ ముందు నట్టు బిగించుకోవాలి, చివరి బేరింగు చూసుకోవాలి. స్పానరుతో పోయే దోషాన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పిపెట్టకూడదు.

దిశ సంగతి. ఇక్కడ అందరికీ ఒకసారి తల తిరుగుతుంది. సీఎన్‌సీలో ప్లస్సు మైనస్సులు టూలును బట్టి చెబుతాం, బెడ్డును బట్టి కాదు. ఎక్స్ ప్లస్ అంటే టూలు కుడికి పోవాలి. మీ యంత్రంలో టూలు కదలకుండా బెడ్డే కదిలేదైతే, బెడ్డు ఎడమకు పోవాలి. వై ప్లస్ అంటే టూలు మీ నుంచి దూరంగా, జెడ్ ప్లస్ అంటే పైకి. ఒక్క అక్షం తిరగబడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే తెలుగులో ఒక పేరు చెక్కి చూడండి. "అ" అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. ఇత్తడి పలక వృథా. వైర్లు పీకనక్కర్లేదు, డాలర్ 3లో సరిచేయవచ్చు. ఎక్స్‌కు 1, వైకి 2, జెడ్‌కు 4. తిప్పాల్సిన వాటిని కూడి రాయాలి. ఎక్స్, జెడ్ రెండూ తిప్పాలంటే 5.

వేగం, త్వరణం. డాలర్ 110 నుంచి 112 దాకా గరిష్ఠ వేగాలు, 120 నుంచి 122 దాకా త్వరణాలు. స్టెప్పర్ మోటారు స్వభావం ఏమిటంటే, మెల్లగా తిరిగేటప్పుడు బలంగా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ నీరసపడుతుంది. 24 వోల్టుల సప్లయి బదులు 36 ఇస్తే, డ్రైవరు తట్టుకోగలిగితే, ఆ నీరసం కాస్త ఆలస్యంగా వస్తుంది. శక్తికి మించి పరిగెత్తమంటే గుర్రుమని అక్కడే ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు గదా, వెళ్లిపోయిందనే అనుకుంటుంది. అక్కడి నుంచి జాబ్ అంతా పక్కకు జరిగి కోసుకుపోతుంది. అందుకని ఒక్కో అక్షాన్ని విడిగా పట్టుకుని వేగం కొంచెం కొంచెం పెంచుతూ పోండి. మోటారు ఆగిపోయిన అంకె చూసుకుని, దానికి పదో ఇరవయ్యో శాతం తగ్గించి రాయండి. త్వరణానికీ ఇదే పద్ధతి. టూలును తిప్పే స్పిండిల్ బరువు మోసేది జెడ్ గనుక దాని అంకెలు మిగతా రెండింటి కన్నా తక్కువే ఉంటాయి. మూడింటికీ ఒకే అంకె రాసి ఉందంటే అది కొలిచి రాసినది కాదని నా అనుమానం.

ఒక జాగ్రత్త. జీఆర్‌బీఎల్‌లో వేగం నిమిషానికి, లైనక్స్ సీఎన్‌సీలో సెకనుకు. ఇక్కడ 3,000 అన్నది అక్కడ 50. తెలియక 3,000 అని అలాగే దించితే సెకనుకు మూడు మీటర్లు పొమ్మన్నట్టు.

ఇప్పుడు హోమింగ్. షాపుల్లో రిఫరెన్స్ తీసుకోవడం అంటారు. కరెంటు ఇచ్చిన వెంటనే యంత్రానికి తానెక్కడున్నదీ తెలియదు. ఒక్కో అక్షం చివర లిమిట్ స్విచ్చు పెడితే, మొదట జెడ్ పైకి పోయి, తర్వాత ఎక్స్, వై మూలకు పోయి, స్విచ్చు తగలగానే వెనక్కి జరిగి, మళ్లీ నెమ్మదిగా వెళ్లి తాకి, అక్కడ సున్నా పెట్టుకుంటాయి. స్విచ్చులు అనవసరపు ఖర్చని వదిలేసేవాళ్లున్నారు. మన ఊళ్లలో మాత్రం అది తప్పు లెక్క. రెండు గంటల జాబ్ మధ్యలో కరెంటు పోతుంది. వచ్చాక హోమింగ్ చేయగలిగితే, జీ 54 అనే వర్క్ ఆఫ్‌సెట్ బోర్డు గుర్తులో భద్రంగా ఉంటుంది గనుక పాత సున్నా మళ్లీ దొరుకుతుంది, జాబ్ దక్కుతుంది. అదే సున్నాను జీ 92 అనే ఆజ్ఞతో పెట్టుకుని ఉంటే, జీఆర్‌బీఎల్ దాన్ని మరిచిపోతుంది. ముక్క చెత్తబుట్టకే.

హోమింగ్ మొదటిసారి చేసేటప్పుడు ఒక చెయ్యి ఎమర్జెన్సీ స్విచ్చు మీద ఉంచండి. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు రెండు. ఒకటి, బెడ్డు సగం దాకా వెళ్లి ఆగిపోయి అలారం 9 చూపిస్తుంది. అంటే స్విచ్చు దొరకలేదని అర్థం. కారణం చాలాసార్లు డాలర్ 130. ప్రయాణం పొడవు అక్కడ రాయాలి. మార్చకపోతే 200 ఉంటుంది. జీఆర్‌బీఎల్ ఆ పొడవుకు ఒకటిన్నర రెట్లు వెతికి మానేస్తుంది. మీ బెడ్డు 600 అయితే 300 దగ్గరే ఓడిపోయానంటుంది. రెండోది ఇంకా చిత్రం. ఎక్స్, వై హోమింగ్ బాగానే చేస్తాయి, జెడ్ మాత్రం స్విచ్చును గుర్తించక దాన్ని గుద్దుకుంటూ పోతుంది. ఆర్డునో మీద బిగించే సీఎన్‌సీ షీల్డు జీఆర్‌బీఎల్ పాత వెర్షన్ కాలంలో గీసింది. తర్వాత జీఆర్‌బీఎల్ స్పిండిల్ వేగాన్ని నియంత్రించడానికి 11వ పిన్ను తీసుకుని, జెడ్ లిమిట్‌ను 12కు మార్చింది. బోర్డు మీద అచ్చేసిన పేర్లు అలాగే ఉండిపోయాయి. కనుక జెడ్ స్విచ్చు వైరును స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న చోట పెట్టాలి. స్విచ్చు పాడైందని రెండోది కొనేముందు ఇది చూసుకోండి.

హోమింగ్ అయ్యాక తెర మీద మైనస్ అంకెలు కనబడితే కంగారు పడొద్దు. జీఆర్‌బీఎల్ సున్నాను చివరి మూలలో పెట్టుకుంటుంది, పని జరిగే చోటంతా మైనస్ వైపే. హోమింగ్ కుదిరాక డాలర్ 20తో సాఫ్ట్ లిమిట్లు పెట్టుకుంటే, హద్దు దాటే ఆజ్ఞను కదలకముందే తిరస్కరిస్తుంది.

అంతా బాగానే ఉండి, స్పిండిల్ ఆన్ చేయగానే ఏ స్విచ్చూ తగలకుండానే లిమిట్ అలారం వచ్చిందంటే అది సెట్టింగు కాదు, కరెంటు రొద. స్పిండిల్‌ను నడిపే వీఎఫ్‌డీ నుంచి పక్క వైర్లలోకి దూకుతుంది. స్విచ్చు వైర్లను స్పిండిల్ కేబులుకు దూరంగా లాగండి, షీల్డు ఉన్న వైరు వాడి ఆ షీల్డును ఒక్క కొసలోనే ఎర్త్ చేయండి. స్విచ్చు మామూలుగా కలిసి ఉండి, తగిలినప్పుడు విడిపోయే రకం అయితే ఇంకా మంచిది. వైరు తెగినా యంత్రం ఆగుతుంది. అన్నిటికన్నా ముందు ఇంట్లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంతమాత్రాన మూడో దానికి వైరు ఉందని కాదు.

లైనక్స్ సీఎన్‌సీ ఎవరికి? నాలుగు ఐదు అక్షాలు కావాలనుకునేవాళ్లకు, ఎన్‌కోడర్లు పెట్టి మోటారు నిజంగా తిరిగిందో లేదో తెలుసుకోవాలనుకునేవాళ్లకు, పాత ఫ్యాక్టరీ యంత్రం కంట్రోలర్ చచ్చిపోతే దానికి మళ్లీ ప్రాణం పోయాలనుకునేవాళ్లకు. ఎన్‌కోడర్ ఉంటే, చెప్పిన చోటుకూ చేరిన చోటుకూ తేడా హద్దు మించగానే ఫాలోయింగ్ ఎర్రర్ అని యంత్రాన్ని ఆపేస్తుంది. ఇందాక లేవన్న కళ్లు అక్కడ వస్తాయి. దీనికి మామూలు కంప్యూటరే చాలు గానీ, కొనేముందు లేటెన్సీ పరీక్ష చేయాలి. సమయానికి పల్సు పంపడంలో కంప్యూటరు ఎంత తడబడుతుందో అది చూపిస్తుంది. పరీక్ష నడుస్తుండగా తెర మీద కిటికీలు తెరవండి, మూయండి, ఫైళ్లు కాపీ చేయండి. పల్సులు కంప్యూటరే పుట్టించాలంటే 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే భేషుగ్గా ఉన్నట్టు, 30 నుంచి 50 అయితే పని నడుస్తుంది, 100 దాటితే ఆ కంప్యూటరు ఈ పనికి పనికిరాదు. ల్యాప్‌టాప్‌లు ఇందులో తరచూ తప్పుతాయి. కరెంటు పొదుపు కోసం అవి లోలోపల చేసుకునే పనులే కారణం. ఖరీదైన కొత్త కంప్యూటరు ఓడిపోయి, మూలన పడేసిన పాత ఆఫీసు డెస్క్‌టాప్ నెగ్గడం ఇక్కడ వింతేమీ కాదు. తడబాటు ఎక్కువున్నా అదే కంప్యూటరు వాడక తప్పదంటే, పల్సులు పుట్టించే పనిని విడి కార్డుకు అప్పగించే దారి ఉంది.

సెట్టింగులయ్యాక నేరుగా టూలు బిగించకండి. స్పిండిల్‌లో ఒక పెన్ను బిగించి కాగితం మీద 100 మిల్లీమీటర్ల చదరం గీయించండి. రెండు కర్ణాలు కొలవండి. రెండూ 141.4 దగ్గర ఉండాలి. భుజాలు సరిగ్గా ఉండి కర్ణాలు తేడా వచ్చాయంటే ఫ్రేము మూలమట్టంలో లేదు, ఏ డాలర్ నెంబరూ దాన్ని సరిచేయదు. బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాల్సిందే.

చివరగా మూడు విన్నపాలు. ఎర్ర బొత్తాం ఎమర్జెన్సీ స్విచ్చు సాఫ్ట్‌వేర్‌కు కబురు చెప్పేదిగా మాత్రమే ఉండకూడదు, డ్రైవర్లకూ స్పిండిల్‌కూ శక్తిని నేరుగా ఆపేదిగా ఉండాలి. కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు పాత సెట్టింగులు చెరిగిపోవచ్చు కాబట్టి, అంకెలన్నీ ఒక కాగితం మీద తేదీతో రాసి కంట్రోల్ డబ్బా తలుపుకు లోపలి వైపు అంటించండి. యంత్రం నడిచేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. చేతి తొడుగులు మాత్రం తిరిగే స్పిండిల్ దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, చేతిని లాగేస్తాయి.